ఇంటికి తీసుకువెళ్ళే ముందు ఒకసారి గుమ్మం చూసుకోండి

(రోగుల బంధువుల కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)



వార్డులో మీవాళ్ళ మంచం పక్కన చాప వేసుకొని ఎన్ని రాత్రులు గడిపారో మాకు తెలుసు. డిశ్చార్జి మాట వినగానే మీ ముఖాల్లో కనిపించే సంతోషం కూడా మాకు తెలుసు. ఇక ఆ పూట అంతా పరుగులే. బిల్లు కట్టాలి, మందులు తీసుకోవాలి, ఆటో మాట్లాడాలి, ఇంటికి ఫోను చేసి అన్నం వండమనాలి. ఇన్ని పనుల్లో ఒక పని మాత్రం దాదాపు ఎవరికీ గుర్తుకు రాదు. ఈ మనిషి ఇంట్లోకి అడుగుపెట్టే చోటు ఎలా ఉందో చూసుకోవడం. ఈరోజు నేను మాట్లాడేది ఆ ఒక్క చోటు గురించే. పెద్ద దర్వాజకు బయట మూడడుగులు, లోపల నాలుగైదు అడుగులు. అంతకు మించి ఇంట్లోకి నేను రాను.

చెప్పులు సర్దుకోమని చెప్పడానికి ఆసుపత్రిలో ప్రసంగం కావాలా అని మీలో కొందరు నవ్వుకుంటారు. నవ్వండి, పరవాలేదు. కానీ ఆపరేషన్ మంచిగా జరిగి, కుట్లు మానిపోయి, వాకర్ పట్టుకొని నడిచి వెళ్ళిన ఒక అవ్వ వారం తిరగకముందే స్ట్రెచర్ మీద తిరిగి వస్తే మాకు నవ్వు రాదు. ఎక్కడ పడ్డావమ్మా అని అడిగితే సాధారణంగా మూడు జవాబులు వింటాం. బాత్రూంలో, మంచం దిగేటప్పుడు, దర్వాజ కాడ. మొదటి రెండింటి గురించి డాక్టర్లు, సిస్టర్లు మీకు చెబుతూనే ఉంటారు. మూడో దాని గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

పడిపోవడం చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 6,84,000 మంది కేవలం పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదాల్లో తగిలిన గాయాలతో జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఆ మరణాల్లో 80 శాతానికి పైగా మనలాంటి తక్కువ ఆదాయ, మధ్య ఆదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. ముసలివాళ్ళకు ఎముకలు గుల్లబారి ఉంటాయి కాబట్టి నిలబడిన ఎత్తు నుంచి పక్కకు ఒరిగి పడినా చాలు, తుంటి ఎముక విరుగుతుంది. తుంటి విరిగితే మంచం. మంచాన పడితే వీపు మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం. విరిగిన ఎముక ప్రాణం తీయదు, దాని వెనక వచ్చే ఇవన్నీ తీస్తాయి.

మీరు ఒక సంగతి గమనించాలి. మీ ఇంటి నుంచి ఆసుపత్రికి వచ్చిన మనిషి, ఇక్కడి నుంచి ఇంటికి వెళ్ళే మనిషి ఒకరే కాదు. ముప్పై ఏళ్ళుగా ఆ దర్వాజలో నుంచి చీకట్లో కూడా కళ్ళు మూసుకొని నడిచిన బాపు, పక్షవాతం వచ్చిన తర్వాత ఒక కాలు ఈడ్చి నడుస్తాడు. ఆ కాలి వేళ్ళు పైకి లేవవు. అంగుళం ఎత్తున్న చెప్పు కూడా ఆయనకు ఒక గట్టే. షుగరు వల్ల అరికాళ్ళు మొద్దుబారిన అమ్మకు కాలి కింద ఏముందో తెలియదు, గుచ్చుకున్నదీ తెలియదు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయి కట్టు ఉన్నవాళ్ళకు మెట్టు ఎంత లోతుందో అంచనా దొరకదు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు లేచి నిలబడగానే కళ్ళు తిరగవచ్చు. ఆ క్షణంలో చెయ్యి ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. మీ దర్వాజ పక్కన ఏముంది? ప్లాస్టిక్ కుర్చీ, ఖాళీ డబ్బా, స్టాండు వేసిన సైకిలు అయితే అది కూడా మనిషితో పాటే పడుతుంది.

కంపవాతం, అంటే పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. విశాలంగా ఉన్నచోట బాగానే నడిచి వస్తారు, సరిగ్గా దర్వాజ దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. ఇంట్లోవాళ్ళు మొండితనం అనుకొని చెయ్యి పట్టి గుంజుతారు. అది మొండితనం కాదు, జబ్బు లక్షణమే. దారి ఇరుకుగా కనిపించిన చోట అడుగు ఆగిపోవడం ఆ జబ్బులో ఉంటుంది. దర్వాజ పక్కన ఉన్న సామాను తీసి దారిని వెడల్పు చేస్తే కొందరికి ఆ ఇబ్బంది కొంత తగ్గుతుంది. ఈ ఒక్క మాట ఎవరింటికైనా పనికివస్తే నా ప్రసంగం వృథా కానట్టే.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వద్దాం. ఇక్కడ జగిత్యాలవాళ్ళున్నారు, కోరుట్లవాళ్ళున్నారు, సిరిసిల్లవాళ్ళున్నారు. మూడు ఊళ్ళలోనూ గుమ్మం ముందు సామాను ఉంటుంది, కానీ ఒకే సామాను ఉండదు.

కోరుట్లలో, జగిత్యాల పాత వాడల్లో బీడీలు చేసే అక్కలు దర్వాజ దగ్గరే కూర్చుంటారు. ఎందుకంటే వెలుతురు, గాలి అక్కడే. ఒళ్ళో చాట, పక్కన తంబాకు, తడిపిన తునికాకు చుట్టిన గోనెపట్టా, కత్తెర, చుట్టూ కత్తిరించిన ఆకు ముక్కలు. నేను ఆ పనిని తప్పుపట్టడం లేదు. ఎన్నో ఇళ్ళలో ఆసుపత్రి బిల్లు కట్టింది ఆ చాటే. కానీ గోనెపట్టా నుంచి కారిన నీళ్ళు, గచ్చు మీద ఆకు ముక్కలు, ఈ రెండూ కలిస్తే అరటి తొక్క మీద కాలేసినట్టే. చాపను దర్వాజకు ఎదురుగా కాకుండా ఒక పక్కకు, గోడకు వీపు ఆనేలా వేసుకోండి. వెలుతురు అంతే వస్తుంది, దారి ఖాళీ అవుతుంది. తడి గోనెపట్టా కింద ఒక పళ్ళెం పెట్టండి. కత్తెర ఎప్పుడూ చాటలోనే ఉండాలి, నేల మీద ఉండకూడదు. ఆస్తమా, టీబీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళ మంచం ఆ గదిలో వేయకండి, తంబాకు దుమ్ము వారికి మంచిది కాదు.

సిరిసిల్లలో దారి వేరు. సాంచాలు నడిచే ఇళ్ళలో నూలు సంచులు, కండెలు, బట్ట తానులు దర్వాజ దాకా వస్తాయి. పైగా రాత్రి పాళీ దిగి వచ్చే మనిషి అలసిపోయి, లైటు వేస్తే పిల్లలు లేస్తారని చీకట్లోనే చెప్పులు విడిచి పడుకుంటాడు. ఆ చెప్పులు సరిగ్గా దారి మధ్యలో ఉంటాయి. తెల్లవారుజామున నాలుగింటికి మూత్రానికి లేచేది ఎవరు? ఆసుపత్రి నుంచి వచ్చిన మన రోగి. ఇక డబుల్ బెడ్‌రూం ఇళ్ళలోకి మారినవాళ్ళకు ఇంకో ఇబ్బంది. సిరిసిల్ల పక్కన మండెపల్లిలో 2021లో ప్రారంభమైన కాలనీ లాంటి చోట్ల ఇల్లు 560 చదరపు అడుగులు. పాత ఇంటి అసోరాలో, వాకిట్లో ఉండే సామానంతా ఇప్పుడు ఒక్క తలుపు పక్కన సర్దుకోవాలి. వాకిలి పోయింది, వాకిలి సామాను మాత్రం పోలేదు.

ఇక గల్ఫ్ ఇళ్ళు. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా దర్వాజ పక్కన అట్టపెట్టె ఒకటి ఉంటుంది. దాని మీద నల్ల మార్కరుతో కొడుకు పేరు, ఊరి పేరు, ఫోను నంబరు రాసి ఉంటాయి. సామాను ఎప్పుడో తీసేశారు, పెట్టె మాత్రం అలాగే ఉంది. తీసేయమంటే ఆ తల్లి ఒప్పుకోదు. కొడుకు చేతిరాత కదా. ఒక ఇంట్లో కోడలు మంచి పని చేసింది. రాత ఉన్న అట్ట ముక్కను నీటుగా కత్తిరించి, ఫోటోల పక్కన గోడకు అంటించింది. మిగతా పెట్టె పాత సామానుల బండికి వెళ్ళింది. అత్తగారు ఒక్క మాట కూడా అనలేదట. వస్తువు ఎందుకు దాచుకున్నారో తెలుసుకోకుండా పారేస్తే ఇంట్లో తగాదా అవుతుంది. రోగి ఉన్న ఇంట్లో ఆ తగాదా ఇంకా చెడ్డది.

ఇక్కడ వాక్యంలోని ఒక సంగతి చెప్పాలి. అన్ని మతాలవారూ ఇక్కడ ఉన్నారు, ఎవరినీ నొప్పించడానికి కాదు, అర్థం మంచిదని చెబుతున్నాను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవాడికి ఒక ఆజ్ఞ ఉంది. ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టాలి, కట్టకపోతే అక్కడి నుంచి ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి వస్తుంది అని దాని భావం. పడినవాడు చూసుకొని నడవలేదా అని ఆ ఆజ్ఞ అడగదు, ఇంటివాడిని అడుగుతుంది. మనం దానికి తిరగేసి చేస్తాం. ముసలాయన పడగానే మన నోట మొదట వచ్చే మాట ఏమిటి? "జర చూసుకొని నడవద్దా" అని. ఆ మాట విన్న పెద్దమనిషి మరుసటి రోజు నుంచి నడవడమే మానేస్తాడు. పడతానేమో అన్న భయంతో మంచం దిగకపోతే కాళ్ళలో బలం పోతుంది, బలం పోతే నిజంగానే పడతాడు. అందుకని ఆ మాట నోటి దాకా వచ్చినా మింగేయండి, వెళ్ళి దారి చూడండి.

సరే, ఏం చేయాలి? మొదట కొలవాలి. టేపు అక్కర్లేదు. మోచేతి నుంచి నడివేలి కొన దాకా ఒక మూర, అంటే అడుగున్నర. గేటు నుంచి రోగి మంచం దాకా నడిచే దారి ఎక్కడా రెండు మూరల కంటే తక్కువ ఉండకూడదు. చక్రాల కుర్చీ బయటి అంచు నుంచి అంచుకు దాదాపు 26 అంగుళాలు ఉంటుంది. చక్రం తిప్పే చేతుల మోచేతులకు కూడా చోటు కావాలి. వాకర్‌తో నడిచేవాళ్ళ పక్కన ఒక మనిషి ఆనుకొని నడవాలి. రెండు మూరలంటే మూడడుగులు, అంతకు తగ్గితే పని జరగదు. తలుపు చట్రమే అంత లేకపోతే చట్రాన్ని ఏమీ చేయలేం, కానీ తలుపు రెక్క పూర్తిగా వెనక్కి, గోడకు ఆనేదాకా తెరుచుకునేలా చూడవచ్చు. చాలా ఇళ్ళలో తలుపు సగమే తెరుచుకుంటుంది. దాని వెనక చీపురు, గొడుగులు, బియ్యం సంచి ఉంటాయి. తలుపు వెనక ఉన్నవి తీస్తే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా అర మూర దారి దొరుకుతుంది.

తర్వాత అక్కడున్న సామానంతా ఒకసారి వాకిట్లోకో, మెట్ల మీదికో బయటికి తెచ్చి పెట్టండి. దర్వాజ దగ్గర సర్దుతూ కూర్చుంటే సాయంత్రానికి మళ్ళీ అన్నీ అక్కడే ఉంటాయి, నా మాట నమ్మండి. బయట పెట్టిన తర్వాత ఒక్కొక్క వస్తువును చేతిలోకి తీసుకొని, ఇది రోజూ ఇంట్లోంచి బయటికి, బయటి నుంచి ఇంట్లోకి వచ్చే వస్తువా అని అడగండి. చెప్పులు, గొడుగు, బండి తాళంచెవి, పిల్లల బడి సంచి, రోగి చేతికర్ర, ఇవి ఆ పని చేస్తాయి. వీటికి దర్వాజ దగ్గర చోటు ఉండాలి. పాత కూలరు, నూలు సంచి, పెండ్లికి వచ్చిన స్టీలు సామాను పెట్టె, విరిగిన మంచం కోళ్ళు, ఇవి నడవవు. వాటి చోటు సజ్జ మీద, మంచం కింద, లేదా పాత సామానుల బండిలో.

చెప్పుల విషయంలో నా అభిప్రాయం కొంచెం గట్టిది. తలుపులున్న పెద్ద చెప్పుల బీరువా కొనకండి. అడుగున్నర దారి అదే మింగేస్తుంది, పైగా దాని మీద హెల్మెట్టు, పేపర్లు, కూరగాయల సంచి చేరతాయి. గోడకు రెండు సన్నని ఇనుప పట్టీలు కొట్టించి చెప్పులు నిలువుగా తగిలిస్తే నాలుగు వేళ్ళ మందం కూడా దాటదు. మనిషికి ఒక జత మాత్రమే దర్వాజ దగ్గర, మిగతావి లోపల. రోగి చెప్పులు మాత్రం అందరి చెప్పుల్లో కలపవద్దు. మడమ దగ్గర పట్టీ ఉన్నవి, అడుగున గరుకు ఉన్నవి కొనండి. హవాయి చెప్పులు పక్షవాతం వచ్చిన కాలికి నిలవవు.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మన సొంత చెప్పులు కూడా కాదు, పలకరించడానికి వచ్చినవాళ్ళవి. మనిషి ఆసుపత్రి నుంచి వచ్చాడని తెలిస్తే సాయంత్రానికల్లా కులపోళ్ళు, చుట్టాలు, సంఘం వాళ్ళు, వాడకట్టు అంతా వస్తారు. అది మన ప్రేమ, దాన్ని వద్దనలేం. కానీ ఇరవై జతల చెప్పులు కడపకు అడ్డంగా పడి ఉంటాయి, కొబ్బరిబొండాలు, పండ్ల సంచులు గోడవార చేరతాయి. గేటు పక్కన ఒక గోనెపట్టా పరిచి, చెప్పులు అక్కడ విడవమని మీ ఇంటి చిన్నపిల్లవాణ్ణి నిలబెట్టండి. పిల్లలు చెబితే ఎవరూ తప్పు పట్టుకోరు. తాగేసిన కొబ్బరిబొండాలు ఆ రోజే తీసేయండి. వాటిలో వాననీళ్ళు నిలిస్తే పది రోజుల్లోపు డెంగీ దోమ పుడుతుంది. బయట పడి ఉన్న పాత టైరు, పగిలిన బకెటు కూడా అంతే. వానాకాలంలో గుమ్మం పక్కన కుప్ప ఉంటే తేళ్ళు, కట్లపాము చేరేదీ అక్కడే.

కడప గురించి ఒక మాట. పసుపు రాసి బొట్లు పెట్టిన పాత కర్ర కడప చీకట్లో కూడా కొంచెం కనబడుతుంది. ఇప్పుడు వేస్తున్న నున్నటి గ్రానైటు కడప నేల రంగులోనే కలిసిపోతుంది, కళ్ళు మసకగా ఉన్నవాళ్ళకు అసలు కనిపించదు. దాని అంచుకు రెండు అంగుళాల వెడల్పున పసుపు రంగు పెయింటు గీత వేయించండి. కాళ్ళు తుడుచుకునే పాత చీర మడత, గోనెసంచి ముక్క నున్నటి బండల మీద జారతాయి, తీసేయండి. కడప లోపల, చెయ్యి అందే చోట గోడకు ఒక ఇనుప పైపు బిగించండి, వెల్డింగు షాపులో చేసి ఇస్తారు. చెప్పులు వేసుకోవడానికి కూర్చునే కుర్చీ చేతులున్న బరువైన కర్ర కుర్చీ అయి ఉండాలి. ఒక చిన్న లైటు రాత్రంతా వెలగనివ్వండి.

బండి ఇంట్లో పెట్టుకోక తప్పనివాళ్ళు చాలామంది. దొంగల భయం ఉంది, కాదనను. అయితే బండిని దర్వాజలో కాక గోడవారగా, హ్యాండిలు గోడవైపు తిప్పి పెట్టండి. పెట్రోలు బండి, గ్యాసు సిలిండరు రెండూ ఒకే దర్వాజ దగ్గర ఉంచకండి. గ్యాసు గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. బ్యాటరీ స్కూటరును రాత్రంతా దర్వాజకు అడ్డంగా పెట్టి చార్జింగు చేయడం అసలు వద్దు. మంట వస్తే బయటికి వెళ్ళే దారి అదొక్కటే. నడవలేని మనిషిని మోసుకొని వెళ్ళాల్సింది కూడా అక్కడి నుంచే.

అదే దారిలో నుంచి 108 వాళ్ళు కూడా రావాలి. ఆ సేవ మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇప్పుడు అంబులెన్సు ఇంటి ముందుకు వస్తుంది. కానీ సందు మొదట నుంచి మంచం దాకా స్ట్రెచర్ రావాల్సింది మీ గుమ్మం గుండానే. స్ట్రెచర్ వెడల్పు రెండడుగుల దగ్గర ఉన్నా, మూల మలుపు దగ్గర తిప్పడానికి ఇంకా చోటు కావాలి. ఛాతీనొప్పితో ఉన్న మనిషిని దుప్పటిలో మూట కట్టినట్టు దింపిన ఇళ్ళు ఉన్నాయి. దారి ఖాళీ చేయడానికి పోయిన ఆ ఐదు నిమిషాలు ఎవరూ తిరిగి తీసుకురాలేరు. అందుకే దర్వాజ లోపల, భుజం ఎత్తున ఒక మొలకు బట్ట సంచి తగిలించండి. అందులో డిశ్చార్జి కాగితం, రోజూ వేసే మాత్రల చీటీ, ఆధార్, ఆరోగ్యశ్రీకి కావలసిన కాగితాల నకళ్ళు, మా ఆసుపత్రి కార్డు ఉంచండి. ఎక్స్‌రే కవరు బీరువా మీద ఉందా, పరుపు కింద ఉందా అని ఆ వేళ వెతకవలసిన పని ఉండదు.

ఈ సాయంత్రం ఇంటికి ఫోను చేసినప్పుడు అన్నం సంగతితో పాటు ఇంకొక మాట చెప్పండి. గేటు నుంచి మంచం దాకా దారిని మూరతో కొలిచి, ఎక్కడ రెండు మూరల కంటే తక్కువ ఉందో ఫోటో తీసి పంపమనండి. ఆ ఫోటో రేపు ఉదయం రౌండ్లకు ముందు మీ వార్డు సిస్టరుకు చూపించండి. మీవాళ్ళు నడిచే తీరు ఆమెకు తెలుసు కాబట్టి ఏది తీయాలో, ఏది ఉండనివ్వవచ్చో ఆమె చెబుతారు. తీయడానికి ఒక పూట పడుతుందంటే డిశ్చార్జి మధ్యాహ్నానికి పెట్టించుకోండి.